నీటిలో సున్నం, ఆల్చిప్ప ఇల్లు



స్వాతి కార్తెలో కురిసిన చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పుకొనేవారు. వినడానికి ఎంతో అందమైన మాట. కాని చెరువు అడుగున, బురదలో సగం కూరుకొని ఉండే ఆల్చిప్ప వాన చినుకు కోసం నీటిమీదికి రాదు, వచ్చి నోరు తెరవదు. ముత్యం మాట అటుంచుదాం. ఎముక లేని, మెత్తని మాంసపు ముద్ద వంటి ఆ జీవికి రాతివంటి చిప్ప ఎక్కడినుంచి వచ్చింది? ఆ చిప్ప ఏటేటా ఎలా పెరుగుతున్నది? ఈ సంగతి తెలిసికొంటే ముత్యం సంగతి దానంతట అదే తెలిసిపోతుంది.

ఈ ముచ్చట ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. కారణం ఉన్నది. హైదరాబాదుకు పడమటి దిక్కున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు కంప్యూటర్ కంపెనీలలో పనిచేసే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వారిలో కొందరికి చేవెళ్ళ, శంకర్‌పల్లి, వికారాబాదు వైపు రెండెకరాల పొలమో, చిన్న చేపల కుంటో ఉంటుంది. సెల్‌ఫోనులో ముత్యాల సాగును గూర్చిన ప్రకటన చూచి, "నాయినా, మన కుంటలో ముత్యాలు పెంచుదామా? వాళ్ళే ఆల్చిప్పలు ఇస్తారంట, వాళ్ళే ముత్యాలు కొంటరంట" అని ఇంటికి ఫోను చేస్తారు. చేయవచ్చు, తప్పు లేదు. అయితే డబ్బు తీసే ముందు ఆల్చిప్ప బ్రతికే తీరు తెలిసి ఉండవలెను. పాడిపశువు గుణం తెలియకుండా పాడి పెట్టుకొంటామా?

ముందుగా సున్నం సంగతి చూద్దాం. హైటెక్ సిటీలో మొదటి పెద్ద భవనమైన సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. అంతకు మునుపు మాదాపూర్ రాతిగుట్టల నడుమ ఒక పల్లె. ఆ గుట్టల మధ్యనే దుర్గం చెరువు ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు అది. 2020లో దానిమీద తీగల వంతెన కట్టారు. చుట్టూ ఉన్న గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు రాయి. సున్నపురాయి కావాలంటే అక్కడ దొరకదు, తాండూరు వైపు పోవాలి. మన ఇళ్ళలో పరచే తాండూరు బండలు, షాబాదు బండలు సున్నపురాయి జాతివే. మరి గ్రానైటు నేలమీది చెరువులలో పెరిగే ఆల్చిప్పకు సున్నం ఎక్కడిది?

అది నీటిలోనే ఉన్నది. వాన నీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపునీరు రాతిని, మట్టిని కొద్దికొద్దిగా కరిగించి, అందులోని కాల్షియాన్ని తనతో తీసికొని చెరువుకు, బావికి చేరుతుంది. కంటికి కనబడదు. కాని మాదాపూర్ హాస్టళ్ళలో బోరునీళ్ళు కాచే గీజరు విప్పి చూడండి. లోపల తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. మీ ఇంట్లో నీళ్ళు కాచే బిందె అడుగున చూచినా సరే. ఆ పెచ్చులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. తాండూరు బండ, గీజరులోని పెచ్చు, ఆల్చిప్ప, ముత్యం – నాలుగింటిలోనూ ముఖ్యమైన సరుకు అదొక్కటే. గీజరులో అది అడ్డదిడ్డంగా పేరుకొంటుంది. ఆల్చిప్ప దానినే తాపీమేస్త్రీ వలె వరుస తప్పకుండా పేర్చుకొంటుంది.

ఇప్పుడొక ఆల్చిప్పను చేతిలోకి తీసికొన్నామనుకోండి. మన చెరువులలో సాధారణంగా కనబడేది నాలుగంగుళాల దాకా పెరిగే గోధుమ నలుపు రంగు చిప్ప. శాస్త్రజ్ఞులు దీనిని లామెల్లిడెన్స్ అంటారు. ఎండిన చిప్పకు నడుమ చిల్లి పడేదాకా అరగదీసి, దానితో మామిడికాయ చెక్కు తీసే అలవాటు మన ఇళ్ళలో ఉండేది. ఆ చిప్ప ఇదే.

రెండు చిప్పలు వీపు వైపున ఒక మడతబందుతో కలిసి ఉంటాయి. ఆ బందు సాగే గుణం గల పదార్థం. చిప్పలను ఎప్పుడూ తెరవాలనే చూస్తుంది. లోపల రెండు బలమైన కండరాలు వాటిని మూసి పట్టుకొంటాయి. జీవి చచ్చిపోతే కండరాలు సడలి చిప్ప తెరుచుకొంటుంది. అందుచేత నీటిలో ఉన్న ఆల్చిప్ప నోరు తెరచి, తాకినా మూసుకోకపోతే అది చచ్చినదని గుర్తు. ఆల్చిప్పలు కొనేవారు మొదట ఈ పరీక్ష చేయవలెను.

చిప్పను తెరచి చూస్తే లోపలి గోడకు అంటుకొని పలుచని మాంసపు పొర ఒకటి ఉంటుంది. దీని పేరు ప్రావారం. ప్రావారమంటే పైన కప్పుకొనే బట్ట. మనం ఉత్తరీయం కప్పుకొన్నట్లు ఆల్చిప్ప దేహమంతటికీ ఇరువైపులా ఈ పొర కప్పి ఉంటుంది. చిప్పను కట్టే మేస్త్రీ ఇదే. ఆల్చిప్ప దేహంలో ఇంకే భాగానికీ ఈ పని చేతకాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముత్యం దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ప్రావారం అంచున చిన్న మడతలున్నాయి. ఆ మడతల సందులోనుంచి మొదట కొమ్ము వంటి పలుచని తోలు పుడుతుంది. మనకు చిప్పమీద కనబడే గోధుమ నలుపు రంగు ఆ తోలుదే. ఇది సున్నం కాదు, మాంసకృత్తులతో అయినది. ఇల్లు కట్టేటప్పుడు ముందు చెక్కలు బిగించి తరువాత కాంక్రీటు పోస్తారు కదా. ఆ తోలు ఆ చెక్కల పని చేస్తుంది. దాని లోపలి వైపున ప్రావారం అంచు సున్నపు స్ఫటికాలను నిలువు కడ్డీల వలె ఒకదాని పక్కన ఒకటి నిలబెడుతుంది. ఇది రెండో పొర. దీనికి లోపల, ప్రావారం తన వెడల్పంతటితోనూ మూడో పొర వేస్తుంది. తళతళ మెరిసే ముత్యపు పొర అదే.

అంటే ఏమిటి? చిప్ప పొడవు పెరిగేది అంచున మాత్రమే. మందం పెరిగేది లోపలంతటా. వీపు వైపున ఉబ్బెత్తుగా ఉన్న మూపు భాగం అన్నిటికంటె పాతది. ఆల్చిప్ప పసిబిడ్డగా ఉన్నప్పటి ఇల్లు అది. ఆ ఇంటికే ఏటా వసారాలు కలుపుకొంటూ పోతుంది. పాము కుబుసం విడిచినట్లు, రొయ్య పెంకు మార్చినట్లు ఆల్చిప్ప తన చిప్పను మార్చుకోలేదు. పుట్టినప్పటినుంచి చచ్చేదాకా ఒకే ఇల్లు.

సున్నం గట్టిపడేది ఎలాగంటే – ప్రావారానికీ చిప్పకూ నడుమ వెంట్రుకవాసి సందు ఉంటుంది. అందులో కొంచెం ద్రవం ఉంటుంది. ఆల్చిప్ప తన మొప్పల ద్వారా, ప్రావారం ద్వారా నీటిలోని కాల్షియాన్ని పీల్చుకొని ఈ ద్రవంలోకి పంపుతుంది. నీటిలోనూ, దాని శ్వాసలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువునుంచి బైకార్బొనేట్ వస్తుంది. రెండూ కలిస్తే కాల్షియం కార్బొనేట్ గట్టిపడుతుంది. కాని గట్టిపడినప్పుడల్లా కొంచెం ఆమ్లం, అంటే పులుపు మిగులుతుంది. దానిని ఎప్పటికప్పుడు బయటికి తోసివేయకపోతే కట్టినది మళ్ళీ కరిగిపోతుంది. పులుపును తోయడానికి ఆల్చిప్ప శక్తి ఖర్చు పెట్టాలి. శక్తికి తిండి కావాలి. తిండి అంటే నీటిలో తేలే పచ్చని నాచుకణాలు. కాబట్టి చిప్పకు సున్నం ఒక్కటే చాలదు. సున్నం, తిండి, ప్రాణవాయువు – మూడూ సరిగ్గా ఉంటేనే పని సాగుతుంది.

ముత్యపు పొరలో ఒక్కొక్క సున్నపు పలక మందం మిల్లీమీటరులో దాదాపు రెండువేలవ వంతు. తల వెంట్రుక మందంలో నూరు పలకలు ఇముడుతాయి. పలకకూ పలకకూ నడుమ మాంసకృత్తుల జిగురు, ఇటుకల నడుమ అడుసు వలె. వెలుతురు ఆ పొరలలో దూరి తిరిగి రావడంవల్లనే ఆ మెరుపు, ఆ రంగులు. రంగు వేసినది కాదు గనుక అది చెరిగిపోదు. అడుసు ఉన్నది గనుక గీజరు పెచ్చు వలె చిట్లిపోదు. దెబ్బ తగిలితే పగులు పలకల నడుమ వంకర తిరిగి ఆగిపోతుంది.

ఇక్కడ రైతు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. చిప్పకు లోపల దెబ్బ తగిలితే ప్రావారం వెంటనే దానిమీద కొత్త పొర వేస్తుంది. బయట తోలు అరిగిపోయి, పుల్లని నీటికి సున్నం కరిగిపోతే మాత్రం బయటినుంచి అతుకు వేయలేదు. మేస్త్రీ ఎప్పుడూ ఇంటి లోపలే ఉంటాడు, బయటికి రాలేడు. అందుకే పాత ఆల్చిప్పల మూపు దగ్గర తెల్లగా, గుంటలు పడి కనబడుతుంది. కుంటలోని ఆల్చిప్పలన్నీ చిన్న వయసులోనే మూపులు కొరుక్కుపోయి ఉన్నాయంటే అక్కడి నీటిలో పులుపు ఎక్కువైనదనో, సున్నం తక్కువైనదనో అనుమానించి నీటి పరీక్ష చేయించవలెను.

చిప్పమీద విల్లువలె వరుసగా గీతలు కనబడతాయి. పెరుగుదల మందగించినప్పుడల్లా ఒక గీత పడుతుంది. ఎండాకాలం చెరువు గుంజుకుపోతే ఆల్చిప్ప బురదలోకి దిగి మూసుకొని కూర్చుంటుంది. అప్పుడు ఇల్లు కట్టే పని ఆగిపోతుంది. వానలు పడి నీరు, తిండి వచ్చాక మళ్ళీ మొదలు పెడుతుంది. చలి దేశాలలో శీతాకాలానికి ఒక గీత కచ్చితంగా పడుతుంది గనుక లెక్క సులువు. ఐస్‌లాండు సముద్రంలో 2006లో పట్టిన ఒక గుల్ల గీతలు లెక్కిస్తే దాని వయసు 507 ఏళ్ళని తేలింది. మన దగ్గర ఒకే ఏడాదిలో రెండు మూడుసార్లు పని ఆగవచ్చు. అందుచేత గీతను చూచి ఏడాదని చెప్పరాదు. చెరువు ఎన్నిసార్లు ఇబ్బంది పడిందో మాత్రం చెప్పవచ్చు.

మురుగునీటి సంగతి కూడా చెప్పాలి. నగరం పెరిగినకొద్దీ దుర్గం చెరువులోకీ, ఆ చుట్టుపక్కల చెరువులలోకీ కాలనీల మురుగు చేరిన సంగతి మీకు తెలిసిందే. మురుగు కుళ్ళినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేప అయితే నీటిపైకి వచ్చి గాలికి నోరు కొట్టుకొంటుంది. ఆల్చిప్ప ఏం చేయగలదు? తలుపు మూసుకొంటుంది. గాలి ఆడక లోపల పులుపు పుడుతుంది. ఆ పులుపును విరిచేందుకు తన చిప్పలోని సున్నాన్నే కరిగించుకొంటుంది. కరువులో ఇంటి వాసాలు అమ్ముకొన్నట్లు! కొన్నాళ్ళు అలా బ్రతుకుతుంది. నీరు బాగుపడకపోతే చచ్చిపోతుంది.

మరొక జాగ్రత్త. ఆల్చిప్ప రోజుకు ఎన్నో లీటర్ల నీటిని వడగట్టి తిండి తీసికొంటుంది. అందువల్ల చెరువు నీరు తేటపడుతుంది. అయితే నీటిలో సీసం వంటి విషలోహాలుంటే అవి దాని మాంసంలో చేరి నిలిచిపోతాయి. కార్ఖానా నీరు, మురుగు కలిసిన చెరువులోని ఆల్చిప్పలను తినకూడదు, కోళ్ళకు కూడా వేయకూడదు.

ఇక ఆల్చిప్పకు చేపతో ఉన్న చుట్టరికం చూడండి. ఆడ ఆల్చిప్ప గుడ్లను తన మొప్పలలోనే పొదుగుతుంది. పిల్లలు కంటికి ఆననంత చిన్నవి. అప్పటికే వాటికి రెండు చిన్న చిప్పలుంటాయి. నీటిలోకి వదలగానే అవి చేప మొప్పలకో రెక్కలకో పట్టుకొని కొన్ని వారాలు ప్రయాణం చేస్తాయి. తరువాత రాలి అడుగున పడి సొంత ఇల్లు కట్టడం మొదలు పెడతాయి. చేప లేని చెరువులో ఆల్చిప్ప సంతతి నిలవదు. బొచ్చె, రవ్వ పెంచే కుంటలో ఆల్చిప్పలుంటే కొట్లాట లేదు. చేపలకు, ఆల్చిప్పలకు కావలసిన నీరు ఒకటే రకం.

సముద్రపు గుల్లలకు సున్నం కొరత లేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. విశాఖపట్నం తీరాన రాళ్ళకు పోగులతో కట్టుకొని పెరిగే ఆకుపచ్చని ఆల్చిప్పలు గాని, కాకినాడ అఖాతంలోని గాడుల గుల్లలు, గాజుపలక వంటి పలుచని చిప్పలు గాని, అన్నీ ఇదే పద్ధతిలో ఇల్లు కట్టుకొంటాయి. మనవారు కాకినాడ వైపు ఆ చిప్పలను బట్టీలలో కాల్చి గుల్లసున్నం చేసేవారు. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపు చిప్పను బాగా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. అంటే మనం గోడలకు వేసిన వెల్ల ఒకప్పుడు నీటిలో కరిగి ఉన్నదే. అయితే సముద్రానికీ కొత్త కష్టం వచ్చింది. పొగగొట్టాలనుంచి గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు సముద్రంలో కరిగి నీటిని కొంచెం కొంచెం పులుపు వైపు తిప్పుతున్నది. పెద్ద గుల్లకంటె, మొదటి చిప్ప కట్టుకొనే పసిపిల్లకు దీనివల్ల ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు ముత్యానికి వద్దాం. ప్రావారం ఒక్కటే మేస్త్రీ అని చెప్పుకొన్నాం కదా. ఏ పురుగో లోపలికి తొలుచుకొని పోయినప్పుడు ప్రావారపు తునక ఒకటి దేహం లోపలికి జారిందనుకోండి. ఆ తునక తన పని మానదు. సంచివలె మూసుకొని, లోపలి వస్తువుచుట్టూ ముత్యపు పొరలు వేస్తూ పోతుంది. గోడకు వేయవలసిన పొర గుండుకు వేసింది; అదే ముత్యం. ఈ కిటుకు తెలిసే జపానులో మికిమోతో 1893లో సగం గుండ్రని ముత్యాన్ని తీశాడు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో తూత్తుకుడి దగ్గర సముద్రపు చిప్పలలో గుండ్రని ముత్యాలు పెంచారు. మంచినీటి ఆల్చిప్పలలో పెంచే పద్ధతిని భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న సీఫా, అంటే కేంద్ర మంచినీటి జలచరాల పెంపక సంస్థ, రూపొందించి శిక్షణ కూడా ఇస్తున్నది.

ఆ పద్ధతి క్లుప్తంగా ఇది. బ్రతికి ఉన్న ఆల్చిప్పను రెండు మూడు రోజులు నీటి తొట్టిలో ఉంచి సడలనిస్తారు. తరువాత చిప్పను కొద్దిగా తెరచి, మరొక ఆల్చిప్పనుంచి కోసిన ప్రావారపు తునకను గాని, గుండును, అచ్చుబొమ్మను గాని లోపల పెడతారు. పది రోజులు మందునీటిలో కాపాడి, నైలాను సంచికి రెండు చొప్పున వేసి, కుంటలో ఒక మీటరు లోతున వ్రేలాడదీస్తారు. హెక్టారుకు 20 నుంచి 30 వేల వరకు. ఏడాదినుంచి ఏడాదిన్నర కాపు కాయాలి. పలక ఒక్కొక్కటీ ఎంత పలుచనిదో విన్నారు గదా. తొందరపెడితే రాదు, ఎరువు ఎక్కువ వేసినా రాదు. ఆరు నెలలకే ముత్యం చేతికి వస్తుందని ఎవరైనా చెబితే, ఎన్ని పొరలు పడినవో అడగండి.

లెక్క కూడా నిదానంగా వేసుకోండి. వేసిన ప్రతి ఆల్చిప్పా బ్రతకదు. బ్రతికినదల్లా మంచి ముత్యం ఇవ్వదు. హైదరాబాదు ముత్యాల నగరమే. చార్మినారు దగ్గర పత్తర్‌గట్టి దుకాణాలు దేశమంతటా పేరు పొందినవి. కాని అక్కడ రాశులుగా అమ్మే మంచినీటి ముత్యాలు చాలావరకు చైనానుంచి వచ్చినవి. వాటి ధర ముందు మన సరుకు నిలబడాలి. అందుచేత ప్రకటన చూచి సంతకం పెట్టకుండా, ముందు పత్తర్‌గట్టికి వెళ్ళి, మీరు పెంచబోయే రకం ముత్యానికి ఎంత ఇస్తారో నలుగురిని అడిగి రండి. కొంటామన్నవారి మాట కాగితంమీద ఉన్నదా, మాట తప్పితే పట్టుకొనే దారి ఉన్నదా అన్నది చూచుకోండి.

చేయదలచినవారు ఈ వరుస పాటించడం మంచిది. మొదట మీ మండలం మత్స్యశాఖవారిచేత కుంట నీరు పరీక్ష చేయించండి. పులుపు, క్షారం తెలిపే అంకె 7కూ 8కీ నడుమ ఉండాలి. వేసవిలో సైతం నీరు ఆరడుగులకు తగ్గని కుంట కావాలి. సున్నం వేయవలసి వస్తే భూమి పరీక్షనుబట్టి, కుంట ఎండి ఉన్నప్పుడే వేయండి. ఆల్చిప్పలున్న నీటిలో పొడిసున్నం ఒక్కసారిగా గుమ్మరిస్తే మొప్పలు మాడి అవే చచ్చిపోతాయి. శిక్షణ పొందిన తరువాత మొదటి ఏడు వంద రెండువందల ఆల్చిప్పలతోనే మొదలు పెట్టండి. వారం వారం సంచులు ఎత్తి చచ్చినవాటిని ఏరివేయండి. ఒకటి కుళ్ళితే చుట్టుపక్కల నీరు చెడుతుంది.

ఇంకొక్క మాట. ఆల్చిప్ప నెమ్మదిగా పెరిగే ప్రాణి. ఊరి చెరువునుంచి వేలకొద్దీ ఏరుకొని పోతే ఆ చెరువు మళ్ళీ నిండడానికి ఏళ్ళు పడుతుంది. నీటిని తేటపరచే పనివాళ్ళూ లేకుండా పోతారు. మీ కుంటలో ముత్యం పండినా పండకపోయినా ఊరి చెరువులో ఆల్చిప్ప బ్రతికి, దాని అంచు కొత్తగా, నున్నగా పెరుగుతున్నదంటే ఆ నీటిలో సున్నం ఉన్నది, గాలి ఉన్నది, తిండి ఉన్నది. మీ చేపకూ, మీ పశువుకూ ఆ నీరే ఆధారం. ఈసారి చెరువుకు పోయినప్పుడు ఒక ఆల్చిప్పను తీసి అంచు చూడండి. చూచిన తరువాత దానిని ఉన్నచోటనే బురదలో పెట్టి రండి.